మా అమ్మ చెప్పుకునే రాయి

మా అమ్మ పుట్టింటికి వెళ్ళిన ప్రతిసారీ ఇంటికంటే ముందు ఒక రాయి దగ్గరికి వెళ్ళేది. బస్సు దిగి చెరుకు తోటల మధ్య మట్టిదారిన నడిచి, ఊళ్ళోకి తిరగాల్సిన చోట మేము ఊరివైపు తిరక్కుండా చేనువైపు తిరిగేవాళ్ళం. ఆ మలుపంటే నాకు ఒళ్ళుమంట. అవతల అవ్వ ఇంటి పెంకుల కప్పు కనిపిస్తూ ఉంటుంది. అక్కడ నాకోసం బొరుగుల ఉండలు చేసిపెట్టి ఉంటారు. మేమేమో కాళ్ళకు గుచ్చుకున్న పల్లేరుకాయలు పీక్కుంటూ గట్టు మీద నడుస్తూ ఉంటాం.

చేను మూలలో, నడుము దాకా భూమిలో దిగబడిన బండ అది. దానిమీద ఒక మనిషిని చెక్కారని చెప్పుకునేవాళ్ళు కానీ, మనిషి కనిపించేది తక్కువ, నూనె కనిపించేది ఎక్కువ. తరతరాల ఆముదం, పసుపు, కుంకుమ ఒకదానిమీద ఒకటి పేరుకుని నల్లగా మెరుస్తూ ఉండేవాడు. ఆ నలుపు మీద పండగ పండగకీ పసుపు ముద్దతో ముఖం మెత్తి, వెండి కళ్ళు అతికించి, కాటుకతో కోరమీసం దిద్దేవాళ్ళు. ఎప్పుడో పశువుల మందను తోలుకుపోతున్న దొంగలకు అడ్డంపడి చచ్చిపోయిన మనిషట. చదువుకున్నవాళ్ళు వీరగల్లు అంటారు. అమ్మ పుట్టింటివాళ్ళు రాతితాత అనేవాళ్ళు.

ఆ ఇంటి ఆడబిడ్డలకు ఒక ఆచారం ఉంది. పెళ్ళయి వెళ్ళిన పిల్ల పుట్టింటికి వస్తే, గడప తొక్కకముందే రాతితాతకు ఆముదం పెట్టాలి. ఆయన భుజం మీద ఒక గుంట ఉండేది. అందులో ఎడమచేతి బొటనవేలు ఆనించుకుని, కుడి అరచేత్తో నుదుటి నుంచి గడ్డం దాకా నూనె నిమురుతూ, అత్తగారింట్లో పడిన కష్టమంతా చెప్పేయాలి. ఒక్కటీ దాచకూడదు. చెప్పేశాక ఇక ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు. నవ్వు ముఖంతో గడప తొక్కాలి. అలా అయితే కన్నవాళ్ళ కడుపు రగలదని. ఆడపిల్లల ఏడుపు వినే ఓపిక లేక మగవాళ్ళు ఆ పని ఒక బండకు అప్పజెప్పారని నేను పెద్దయ్యాక అమ్మతో అన్నాను. అమ్మ నవ్వి, "ఆ మాట కూడా ఆయనకే సెప్పినాలే" అంది.

తోడు వచ్చినవాళ్ళు వినకూడదు. అందుకని నన్ను బెల్లం గానుగ పాక దగ్గర నిలబెట్టి వెళ్ళేది. అక్కడి నుంచి నాకు అమ్మ వీపు కనిపించేది, చెయ్యి పైకీ కిందికీ కదలడం కనిపించేది. ఒక్కోసారి భుజాలు అదిరేవి. మాట మాత్రం ఒక్కటీ వినపడేది కాదు. అంతా అయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుని వచ్చి, అరచేతిలో మిగిలిన జిడ్డు నా నెత్తికి రుద్దేది. "పద పాపా, ఆకలేస్తాందా?" అనేది. ఆ నిమిషం నుంచి వేరే మనిషి. మా అవ్వతో కలిసి పకపకా నవ్వుతూ శెనక్కాయలు ఒలిచేది.

నాకు ఆ రాయంటే అసూయ. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. మా నాయన కోపిష్టి అని మాకు తెలుసు. నాయన తల్లి, మా జేజి, నోరు తెరిస్తే ఎదుటివాళ్ళకు నిద్రపట్టదని కూడా తెలుసు. కానీ వాటివల్ల అమ్మకు ఎక్కడ నొప్పి పుట్టేదో తెలిసేది కాదు. అంతా మూటకట్టి ఆ బండ దగ్గరికి మోసుకెళ్ళేది. నాకు చెప్పమ్మా అని ఒకసారి గోల చేశాను. "నువ్వు బదులు సెప్తావు పాపా. ఆయన సెప్పడు" అంది. పోనీ నేనూ వచ్చి నూనె పెడతానంటే, "ఆయన మా పుట్టింటాయన. నువ్వు నీ పుట్టింట్లో ఎతుక్కోవాల" అని నవ్వింది. నా పుట్టింట్లో ఏముంది? వీధి కుళాయి ఉంది. దానికి చెప్పుకోమంటావా అన్నాను.

తర్వాత పెద్ద రోడ్డు వచ్చింది. చేను రోడ్డులో పోయింది. మిషన్లు రాకముందే ప్రభుత్వంవాళ్ళు వచ్చి చూసి, రాయి మీద పాత అక్షరాలున్నాయని క్రేనుతో ఎత్తించి మ్యూజియానికి తీసుకుపోయారట. అమ్మ తమ్ముడు, మా మామ, చిత్తూరులో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయాడు. రాతితాత కంకర కింద పడకుండా బతికిపోయాడు, అంతే చాలని అందరం అనుకున్నాం. అమ్మ మాత్రం ఆ తర్వాత చిత్తూరులో మామ ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆటో దిగి, గేటు ముందు సంచీ పట్టుకుని కాసేపు అటూ ఇటూ చూసేది. మామ "ఏందక్కా, రోడ్డు మీదే నిలబడినావు?" అని కేకేస్తే అప్పుడు లోపలికి వెళ్ళేది.

ఆ తర్వాత మా తమ్ముడు పోయాడు.

శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సంబంధాలు చూస్తున్నాం. జ్వరం వచ్చింది, ఆసుపత్రిలో చేర్చాం, చూస్తూ ఉండగానే చేయిదాటిపోయాడు. నేను తిరుపతిలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరో ఒకరు నా ముందు చెయ్యి చాపుతూనే ఉంటారు. రక్తం గురించి అంతో ఇంతో తెలిసినదాన్నే. ఆ తెలివి వాడి విషయంలో ఎందుకూ కొరగాలేదు.

నాయన అంతకుముందే పోయాడు కాబట్టి అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. అమ్మ అందరూ ఏడ్చేటప్పుడు ఏడ్చింది, దినాలు అయ్యాక ఆపేసింది. వాడి మాట ఎత్తదు. గోడకు తగిలించిన వాడి ఫోటో తనే దించి, బీరువాలో చీరల అడుగున పెట్టింది. నేను వాడి మాట ఎత్తబోతే, "కూర మాడతాంది సూడు" అని లేచి వెళ్ళిపోతుంది. వెళ్ళి చూస్తే పొయ్యి మీద కూర ఉండదు. నాకు కావలసింది ఒక్కటే. అమ్మ ఒక్కసారి వాడి గురించి మాట్లాడాలి. నా ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. తన కొడుకు అయితే నాకు తమ్ముడు కాడా? వాడి గురించి చెప్పుకోవడానికి నాకు మాత్రం ఎవరున్నారు? అన్నీ లోపలే పెట్టుకుని అమ్మ కూడా చేజారిపోతుందని భయంగా ఉండేది.

ఒకరోజు బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా అడిగింది. "మ్యూజియం యాడుండాది పాపా? మనల్ని లోపలికి రానిస్తారా?"

"టికెట్టు కొంటే ఎవర్నైనా రానిస్తారు. దేనికమ్మా?"

"ఆయనకొక మాట సెప్పాల."

నాకు ప్రాణం లేచొచ్చింది. మాట ఉందన్నమాట. దాంతోపాటే పాత అసూయా లేచింది. ఇంట్లో నేను మనిషిని ఉండగా, మళ్ళీ ఆ బండకేనా? అయినా సెలవు పెట్టాను. ఎవరికి చెప్తేనేం, బయటికి వస్తే చాలనుకున్నాను.

మ్యూజియం ఒక పాత కోట మహలులో ఉంది. గేటు దగ్గర ఖాకీ చీరలో ఉన్న గార్డు పిల్ల అమ్మ సంచీ తెరిచి చూసింది. అందులో ఆముదం సీసా.

"నూనె లోపలికి తీసుకుపోకూడదు అవ్వా."

"తాగేదానికి కాదు తల్లీ. పెట్టేదానికి."

"అదే కూడదు అవ్వా. రాళ్ళను ముట్టుకోనే కూడదు. కెమెరాలు ఉండాయి."

అమ్మ నా ముఖం చూసింది. నేను సీసా తీసి కౌంటరు కిటికీలో పెట్టాను. బడిలో మొదటిరోజు పిల్లను వదిలి వస్తున్నట్టు అమ్మ దానివైపు తిరిగి తిరిగి చూస్తూ లోపలికి నడిచింది. సీసా తెచ్చిన మనిషి కొంగున పసుపు కట్టుకు రాలేదని ఏం నమ్మకం అనుకుందో ఏమో, ఆ పిల్ల కూడా మా వెనకే వచ్చింది.

లోపల చల్లగా ఉంది. అద్దాల వెనక కంచు విగ్రహాలు, నాణేలు, తుప్పుపట్టిన కత్తులు. చెప్పులు విడవక్కర్లేదమ్మా అని ఎంత చెప్పినా వినకుండా అమ్మ వాటిని చేతిలో పట్టుకుని నడిచింది. ఒక అమ్మవారి విగ్రహం ముందు ఆగి, "దీపం లేదు, నైవేద్యం లేదు. ఎట్లుండావమ్మా ఈడ?" అని అడిగింది. పక్క గదిలో భూమిలో దొరికిన రాతి సామాను పెట్టారు. అందులో ఒక సన్నెకల్లు ఉంది. "మనింట్లోది ఇంతకంటే బాగుండాది. ఎత్తుకొచ్చి పెడితే దాన్ని కూడా సూస్తారా జనం?" అంది. గార్డు పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను. అమ్మ నోటి నుంచి వేళాకోళం విని ఎన్నాళ్ళయిందో.

ఆ గది చివర పొట్టి కాళ్ళ మీద నిలబడిన పొడుగాటి మట్టి తొట్టి ఒకటుంది.

"కుడితి తొట్టా?" అని అడిగింది అమ్మ.

"కాదవ్వా. శానా కాలం కిందట సచ్చిపోయినోళ్ళను దీంట్లో పెట్టి పూడ్సేవాళ్ళంట."

అమ్మ వంగి చూసింది. "పొట్టిగా ఉండాదే. పిల్లోళ్ళకా?"

గార్డు పిల్లకు తెలియదు. బోర్డు చదివాను, అందులోనూ లేదు. అమ్మ ఆ తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, చెప్పులు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని ముందుకు నడిచింది.

వీరగల్లులు వెనకవైపు వరండాలో ఉన్నాయి. గోడవెంట వరసగా పీఠాల మీద నిలబెట్టారు. అక్కడికి వెళ్ళాక మా ఇద్దరికీ కాళ్ళు ఆగిపోయాయి. మేము వెతుక్కుంటూ వచ్చింది నల్లటి మనిషిని, నడుము నుంచి పైకి మాత్రమే ఉన్న మనిషిని. ఇక్కడ ఉన్నవాళ్ళంతా కడిగి రుద్దిన బూడిదరంగు మనుషులు, కాళ్ళతో సహా. కింద బోర్డుల మీద అన్నిటికీ జిల్లా పేరే ఉంది, ఊరి పేరు లేదు. బయల్దేరేముందు మామను ఫోనులో అడిగితే "పోతానే తెలుస్తాది లేమ్మే, దాందేముండాది" అన్నాడు. ఏం తెలుస్తుంది! ఇంటిల్లిపాదీ ఇన్ని తరాలు నూనె పోశారు కానీ, నూనె కింద ఎవరున్నారో ఒక్కరూ చూడలేదు.

"ఈయనే పాపా" అంది అమ్మ మొదటి రాయి ముందు. "మీసం సూడు."

నిజంగానే గట్టి కోరమీసం. నాకు చిన్నప్పటి పద్ధతి గుర్తుంది కాబట్టి గార్డు పిల్లను పక్కకు రమ్మన్నాను. "మా అమ్మ ఆయనతో ఒక మాట చెప్పుకోవాలి. మనం వినకూడదు." ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది, అయినా వచ్చింది. ఇద్దరం స్తంభం పక్కన నిలబడ్డాం. అమ్మ చెప్పులు కింద పెట్టి, కొంగు సర్దుకుని, ఉత్త అరచెయ్యి గాలిలో ఎత్తింది. నుదుటి దాకా తీసుకెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"ఈయన కాదు పాపా. మాట రాలా."

"మీసం ఉంది కదమ్మా."

"మీసం మనం దిద్దిండేది గదా."

అవును కదా. కాటుక మీసాన్ని నమ్ముకుని ఒక పరాయి మనిషికి ఇంటి గుట్టు చెప్పబోయింది మా అమ్మ. ఎవరో తెలియని ఇంటి తాత ఆయన. ఇంకో సమయంలో అయితే పడీపడీ నవ్వేదాన్ని.

అమ్మ అరచెయ్యి ఎత్తి పట్టుకునే, ఒక్కో రాయి ముందూ ఆగుతూ నడిచింది. "ముట్టుకోవద్దవ్వా" అని గార్డు పిల్ల అరుస్తూనే ఉంది. "ముట్టుకోలేదు తల్లీ, సూస్తాండా" అని అమ్మ అంటూనే ఉంది. చివరి రాయి దగ్గర ఆగింది. చాలాసేపు భుజం వైపే చూసింది. భుజం మీద, విల్లు కొస విరిగిన చోట, బొటనవేలు పట్టేంత గుంట ఉంది.

నేనూ దగ్గరికి వెళ్ళాను. ఇన్నాళ్ళూ భూమిలో ఉన్న సగం ఇప్పుడు మా ఎదురుగా ఉంది. పరుగెత్తబోతున్నట్టు విడిగా ఉన్న కాళ్ళు, కాళ్ళ పక్కన ఒక ఆవుదూడ. "దూడ కూడా ఉండాదే!" అంది అమ్మ సంబరంగా. నడుముకు కత్తి ఉంది, చేతిలో విల్లు ఉంది, చెవులకు పోగులు కూడా ఉన్నాయి. అప్పుడు ఇద్దరం తల ఎత్తి చూశాం. ముఖం లేదు. నుదుటి నుంచి గడ్డం దాకా అరచేతి వెడల్పున నున్నగా ఉంది. కళ్ళు లేవు, ముక్కు లేదు, నోరు లేదు.

"ముఖభాగం అరిగిపోయినది అని రాసినారవ్వా" అంది గార్డు పిల్ల బోర్డు చదివి. "ఎండకీ వానకీ అట్లయిపోయుంటాది."

"ఎండా వానా ఆయన్నేం సేస్తాయి తల్లీ? అంత మందాన నూనె ఉన్నె." అమ్మ తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. "మేమే. నేను, మా మేనత్తలు, వాళ్ళ మేనత్తలు. సెప్పి సెప్పి తుడిసేసినాము."

నేను మళ్ళీ ఆ పిల్లను తీసుకుని స్తంభం దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడైనా చెప్తుందని. అమ్మ వీపు కనిపిస్తోంది. చెయ్యి లేవలేదు, భుజాలు అదరలేదు. కాసేపటికి వంగి చెప్పులు తీసుకుని వచ్చేసింది.

"పోదాం పాపా."

"చెప్పావా?"

"సెప్పలా."

"ఎందుకు?"

"ఇన్నది సాల్లే ఆయన. ఇంక ఇడిసిపెడదాం."

నాకు కోపం నషాళానికి అంటింది. సెలవు పెట్టి, బస్సెక్కి, ఎండలో పడి వచ్చింది ఇందుకా? రాతికి కూడా చెప్పకపోతే ఇంకెవరికి చెప్తావు, ఏం చేసుకుంటావు ఆ మాటను, నీతోపాటు తీసుకుపోతావా అని గట్టిగానే అరిచాను. అవతల సెల్ఫీ తీసుకుంటున్న జంట తిరిగి చూశారు. గార్డు పిల్ల నేల చూపులు చూసింది. అమ్మ నన్ను దాటుకుని నడిచింది. కౌంటరు దగ్గర మర్చిపోకుండా సీసా అడిగి తీసుకుంది.

గేటు బయట చెట్టు కింద సిమెంటు బెంచీ ఉంది. అమ్మ దానిమీద కూర్చుని, తన కాళ్ళ దగ్గర నేల చూపించింది. "ఈడ కూసో."

"దేనికి?"

"కూసో అంటాండా గదా."

కూర్చున్నాను, అమ్మకు వీపు పెట్టి. సీసా మూత తీసిన చప్పుడు వినబడింది. వద్దమ్మా, రేపు డ్యూటీ ఉంది, ఆముదం వాసన వారం పోదు అనబోయాను. నెత్తిన నూనె పడింది. ఎడమ బొటనవేలు నా భుజం మీద ఎముక పక్కన పల్లంలో వచ్చి ఆనుకుంది. అప్పుడు తెలిసింది నాకు. నోరు మూసుకున్నాను.

"వాని మొగం కనపళ్ళేదు" అంది అమ్మ. పాపా అనలేదు. నాతో మాట్లాడే గొంతు కాదది, ఎప్పుడూ విననిది. "కండ్లు మూసుకుంటే ఫోటోనే వస్తాది. సంబంధాలకని స్టూడియోలో పట్టిచ్చిన ఫోటో. పొడరు పూసుకోని, బిగుసుకోని. వాడు అట్లుండడు. సూసేకొద్దీ ఫోటోనే నిలిసిపోతాంది, వాడు పోతాండాడు. అందుకే దాన్ని దాసిపెట్టినా. దాసినా వాడు రాలా. కన్నదాన్ని. వాని మొగమే మర్సిపోతాండా. ఎవురికి సెప్పాల ఈ మాట? సిగ్గు గాదా?"

అరచెయ్యి నెత్తి మీద నుంచి నా నుదుటి మీదికి జారింది. నా నోటినిండా మాటలున్నాయి. వాడు నవ్వితే ఒక పక్కకే నవ్వేవాడమ్మా, కనుబొమ్మ మీద సైకిలు మీంచి పడిన మచ్చ ఉండేదమ్మా, నాకు గుర్తుంది, నన్నడుగు, నేను చెప్తాను. అన్నీ గొంతులోనే పట్టుకుని కూర్చున్నాను. రాయి బదులు చెప్పదు.

అమ్మ చెయ్యి నా కళ్ళ మీదుగా, తడిసిన చెంపల మీదుగా కిందికి దిగింది. గడ్డం దగ్గర ఆగింది. రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. మళ్ళీ నుదుటి నుంచి మొదలుపెట్టి, మెల్లగా, మళ్ళీ గడ్డం దాకా వచ్చింది.

"వాడు ఈడుండాడే" అంది అమ్మ.